తెల్లమడ కొమ్మ, రెండు ప్రయాణాలు: నా అనుభవం

ఎమ్మెస్సీ బోటనీ ప్రాజెక్టుకి కోరంగి చుట్టుపక్కల మడచెట్ల హెర్బేరియం షీట్లు (ఎండబెట్టిన కొమ్మను అట్ట మీద అంటించి, పేరు రాసి దాచే నమూనాలు) చేయాల్సి వచ్చింది. మిగతావన్నీ ఒక ఎత్తు, తెల్లమడ ఒక్కటీ ఒక ఎత్తు.

కోరంగి 1978 నుంచి అభయారణ్యం, అనుమతి లేకుండా లోపల కొమ్మ కోయకూడదు. అందుకని వేసవిలో వెళ్లినప్పుడు బయట ఒక రొయ్యల చెరువు యజమానిని అడిగి, ఆయన గట్టు కింద పొద దగ్గర ఆగాను. నా భుజాల ఎత్తుంది. చుట్టూ బురదలో పెన్సిళ్లు గుచ్చినట్టు శ్వాసవేర్లు. ఆకుల అడుగున తెల్లటి నూగు, పైన సన్నటి ఉప్పు పలుకులు. నాలుకకి తగిలించి చూశాను, ఉప్పే! ఉప్పును చాలావరకు వేర్లే ఆపేస్తాయి. తప్పించుకుని లోపలికి వచ్చింది ఆకుల్లోని గ్రంథుల గుండా ఇలా బయటపడుతుంది.

కొమ్మను ప్రెస్సులో, అంటే కాగితాల మధ్య అదిమి ఆరబెట్టే చట్రంలో, పెట్టి రెండు రోజులు ముట్టుకోలేదు. అదే తప్పు. ఉప్పు తేమ లాగేసి కాగితాలు చెమ్మగిల్లాయి, ఆకులకు బూజు పట్టింది. ఏడుపొచ్చింది. పైగా పేరు తేల్చుకోలేక టెన్షన్. దీని దగ్గరి చుట్టం నల్లమడ ఆకు కొస గుండ్రంగా ఉంటుంది కాబట్టి ఇది అది కాదు. తెల్లమడా, లేక ఇంకో చుట్టం విలవమడా అన్నదే తెలియలేదు.

వానాకాలంలో మళ్లీ వెళ్లాను. వల సర్దుకుంటున్న తాత ఒకాయన చూసి, "ఆకు చూస్తే ఏం తెలుస్తాదమ్మా, కాయ చూడు. విలవమడ కాయకి ముక్కు పొడుగ్గా ఉంటాది, దీనికి లేదు" అన్నాడు.

కాయ ఒలిచాను. బొటనవేలి గోరుకన్నా కాస్త పెద్దది, బల్లపరుపుగా ఉంది. పల్చటి తొక్క కింద మందపాటి పచ్చటి బీజదళాలు రెండు, ఒకదానిలో ఒకటి మడిచిపెట్టినట్టు. వాటి మొదట్లో నూగు పట్టిన బుల్లి వేరు. చెట్టు మీదుండగానే గింజ మొలిచేసింది, తొక్క మాత్రం చీలలేదు! రాలాక నీళ్లలో తేలి, తొక్క ఊడాక బురదలో నాటుకుంటుంది. ఆ పసిమొక్కను అరచేతిలో పెట్టుకుని చాలాసేపు గట్టు మీదే కూర్చున్నాను.

ఈసారి కొమ్మను మంచినీళ్లలో కడిగి, గుడ్డతో అద్ది, పొద్దునా సాయంత్రం పేపర్లు మార్చాను. రెండు ఆకులు అడుగు కనిపించేలా తిరగేసి పెట్టాను. ఆరాక పైభాగం నల్లబడింది గానీ అడుగున తెలుపు నిలిచింది.

పాత ఫ్లోరాల్లో (ఒక ప్రాంతపు మొక్కల వివరాలుండే పుస్తకాల్లో) దీన్ని వెర్బినేసీ కుటుంబంలో చేర్చారు, ఇప్పుడు అకాంథేసీ. లేబుల్ మీద అదే రాశాను: అవిసెన్నియా మెరీనా, అకాంథేసీ, తెల్లమడ. ఎండితే తెలియదు కదా అని కింద ఇంకో వరుస చేర్చాను: పూలు చిన్నవి, పసుపు, నాలుగు రేకలు.