పెరట్లో పిల్లలకోడి, లెన్స్ మీద మంచు

శనివారం. పొద్దున లేచి తలుపు తీస్తే ఆకాశం కడిగి ఆరబెట్టినట్టు ఉంది, ఒక్క మబ్బు తునక లేదు, వారం రోజుల నుంచీ ఇలాంటి రోజు కోసమే చూస్తున్నా. పైగా రేపు అమావాస్య కాబట్టి రాత్రి చంద్రుడి వెలుతురు కూడా అడ్డం రాదు. ఇక పగలంతా పనులు చేస్తూనే ఉన్నా కానీ మనసు మాత్రం పెరట్లోనే ఉంది. బట్టలు ఉతికా, అమ్మ దండెం మీద ఆరేసింది, ఇల్లు తుడిచా, ఆఫీసు మెయిల్స్ రెండు మిగిలిపోతే అవీ పంపేశా. మధ్యమధ్యలో పవర్ బ్యాంకులు, కెమెరా బ్యాటరీలు ఒక్కొక్కటిగా చార్జింగ్ పెట్టుకుంటూ వచ్చా. మధ్యాహ్నం గాలి బాగా పొడిగా ఉంది, ఆరేసిన బట్టలు గంటన్నరకే పెళపెళలాడాయి. ఆ గాలి చూసే రాత్రి మంచు పడదులే అనుకున్నా. అక్కడే పొరపాటు జరిగింది, దాని సంగతి తర్వాత రాస్తా.

ఇవాళ్టి టార్గెట్ పిల్లలకోడి. పంచాంగంలో కృత్తికలు అంటారు కదా, అవే. చిన్నప్పటి నుంచీ నాకు ఆకాశంలో మొదట కనిపెట్టడం వచ్చింది వీటినే, చుట్టూ పిల్లల్ని వేసుకుని తిరిగే కోడిలా ఒక్క గుప్పెడంత చోట ముద్దగా ఉంటాయి, మామూలు కంటికి ఆరో ఏడో కనిపిస్తాయి. గెలీలియో 1610లో టెలిస్కోపుతో చూసి 36 చుక్కలు గీశాడు. అసలు లెక్క వెయ్యి దాటుతుంది. కానీ నాకు కావాల్సింది చుక్కలు కాదు, వాటి చుట్టూ ఉండే నీలం పొగ, నెబ్యులా అంటారే, అది. అదంతా దుమ్ము. ఒకప్పుడు ఆ నక్షత్రాలు పుట్టగా మిగిలిన దుమ్మే అనుకునేవాళ్ళట, ఇప్పుడేమో ఆ గుంపుకీ ఆ దుమ్ముకీ చుట్టరికం లేదు, నక్షత్రాలు వాటి దారిన పోతూ పోతూ మధ్యలో తగిలిన ఓ దుమ్ము మేఘంలోంచి వెళ్తున్నాయి అంటున్నారు. ఆ దుమ్ముకి సొంత వెలుగు లేదు, పక్కనున్న నక్షత్రాల వెలుగు పడి అది మన వైపు చెదురుతుంది, ఎర్ర రంగు కంటే నీలం ఎక్కువ చెదురుతుంది కాబట్టి నీలంగా కనిపిస్తుంది. నెల కిందట ముప్పై ఫ్రేములు (ఒక్కో ఫొటో ఒక్కో ఫ్రేము) తీసి స్టాక్ చేస్తే, అంటే అన్నిటినీ ఒకదానిమీద ఒకటి పేర్చి కలిపితే, చుక్కల పక్కన ఏదో ఉన్నట్టూ లేనట్టూ వచ్చింది, దాన్ని ఎంత సాగదీసి వెలుగు పెంచినా నాయిసే, అంటే గరుకు మచ్చలే, పైకి తేలింది. అందుకే ఈసారి కనీసం నూట ఇరవై తీయాలని పట్టుదల.

మా ఆకాశం గొప్ప ఆకాశం ఏమీ కాదు. బోర్టిల్ స్కేలు అని 2001లో జాన్ బోర్టిల్ అనే ఆయన పెట్టిన కొలత ఉంది, ఒకటి అంటే కటిక చీకటి, తొమ్మిది అంటే నగరం నడిబొడ్డు, మా పెరడు ఏడు దగ్గర ఉంటుందని నా అంచనా. ఫిల్టర్ పెట్టుకోవచ్చుగా అని చాలామంది అడుగుతారు. హైడ్రోజన్, ఆక్సిజన్ సొంతంగా మెరిసే నెబ్యులాలకి నారోబ్యాండ్ ఫిల్టర్ బాగా పనిచేస్తుంది, ఎందుకంటే వాటి వెలుగు కొన్ని ప్రత్యేకమైన రంగుల్లోనే ఉంటుంది, మిగతావి ఆపేసినా నష్టం లేదు. పిల్లలకోడి దుమ్ము అలా కాదు, అది నక్షత్రాల వెలుగునే పంపుతుంది, అన్ని రంగులూ ఉంటాయి, ఫిల్టర్ పెడితే వీధి దీపం వెలుగుతో పాటు నాకు కావాల్సిందీ పోతుంది. కాబట్టి ఇక్కడ మందు ఒక్కటే, ఎక్కువసేపు తీయడం. అదీ ఎంత తీస్తే అంత లాభం అనుకోకూడదు, ఫ్రేములు నాలుగింతలు చేస్తే నాయిస్‌తో పోల్చినప్పుడు సిగ్నల్ రెండింతలే మెరుగవుతుంది, వర్గమూలం లెక్క. మొదట్లో ఇది తెలిసినప్పుడు నీరసం వచ్చింది కానీ ఇప్పుడు ఆ లెక్కంటే ఇష్టం, ఎందుకంటే ఓపికకి ఎంత ఫలితం వస్తుందో ముందే చెప్పేస్తుంది, మోసం లేదు.

ఏడింటికి ట్రైపాడ్ పెరట్లో చప్టా మీద పెట్టా. పక్కింటి అక్క వాళ్ళ వెనక లైటు సరిగ్గా నా లెన్స్ మీద పడుతోంది, గోడ దగ్గరికెళ్ళి "అక్కా, పన్నెండున్నర దాకా ఈ లైటు ఆపేస్తారా, ఫొటోలు తీస్తున్నా" అంటే "అయ్యో, ముందే చెప్పొచ్చు కదమ్మా" అని వెంటనే ఆపేసింది. అడగడానికి నేను ఇన్నాళ్ళూ మొహమాటపడ్డా, ఎందుకో మరి.

తర్వాత పోలార్ అలైన్‌మెంట్, అంటే కెమెరాని ఆకాశంతో పాటు తిప్పే ట్రాకర్‌ని ధ్రువం వైపు సరిగ్గా గురిపెట్టడం. చప్టా మీద మోకాళ్ళ మీద కూర్చుని మెడ వంచి ట్రాకర్‌లో ఉండే చిన్న దుర్భిణిలోంచి ధ్రువ నక్షత్రాన్ని వెతకాలి. అది సరిగ్గా ధ్రువం దగ్గర ఉండదు, నిండు చంద్రుడి వెడల్పు కంటే కాస్త ఎక్కువ దూరం పక్కకి ఉంటుంది, అందుకే దాన్ని మధ్యలో పెట్టకుండా గుండ్రటి గీత మీద ఆ గంటకి ఎక్కడ ఉండాలో అక్కడ పెట్టాలి. ఈ పని సరిగ్గా చేయకపోతే మిగతావన్నీ వృథా. నా 200 ఎంఎం లెన్స్‌కి ట్రాకర్ ఆపేస్తే పిల్లలకోడి సెకనుకి మూడు నాలుగు పిక్సెళ్ళు జరిగిపోతుంది, భూమి గంటకి 15 డిగ్రీలు తిరుగుతోంది మరి. నిమిషం ఎక్స్‌పోజర్ అంటే చుక్క బదులు రెండొందల పిక్సెళ్ళ గీత. ట్రాకర్ దానికి ఎదురు తిరుగుతుంది కాబట్టే నిమిషం పాటు చుక్క చుక్కలా నిలబడుతుంది.

ఫోకస్‌కి రోహిణి వైపు తిప్పి బాహ్తినోవ్ మాస్క్ పెట్టా. 2005లో పావెల్ బాహ్తినోవ్ అనే రష్యన్ అమెచ్యూర్ కనిపెట్టిన చీలికల మూత అది, దాన్ని లెన్స్ ముందు పెడితే నక్షత్రం చుట్టూ మూడు గీతలు వస్తాయి, మధ్య గీత అటో ఇటో జరిగి ఉంటే ఫోకస్ లేనట్టు, సరిగ్గా మధ్యకొస్తే ఉన్నట్టు. రింగు వెంట్రుకవాసి తిప్పితే చాలు గీత గెంతుతుంది. స్క్రీన్ మీద పదింతలు పెంచుకుని చూస్తూ ఊపిరి బిగబట్టి తిప్పా, కుదిరాక రింగు కదలకుండా టేప్ వేసేశా. రోహిణి నారింజ రంగులో ఎంత చక్కగా ఉందో, ప్రతిసారీ ఓ నిమిషం అలా చూస్తూ ఉండిపోతా.

ఎనిమిది నలభైకి మొదలుపెట్టా. ఒక్కో ఫ్రేమ్ 60 సెకన్లు, ఎఫ్ 4, ఐఎస్ఓ 800. మొదటి ఫ్రేములో చుక్కలు గుండ్రంగా, సూదిమొనల్లా వచ్చాయి. ఇక నా పనేమీ లేదు, షటర్ శబ్దం వింటూ చాప వేసుకుని పడుకున్నా. కాసేపటికి పిల్లలకోడి నడినెత్తి వైపు ఎక్కుతోంది, దాని వెనకే రోహిణి, తర్వాత మృగశిర. ఈ గంటలు నాకు చాలా ఇష్టం, చేతులకి పనుండదు కానీ ఖాళీగా ఉన్నట్టూ అనిపించదు, ఇప్పుడు సెన్సార్ మీద పడుతున్న వెలుగు 440 ఏళ్ళకి పైగా నడిచొచ్చింది, దాన్ని పట్టుకోవడానికి నేనిక్కడ ఉన్నా, అదే చాలు అనిపిస్తుంది.

పదిన్నరకి కెమెరా స్క్రీన్ మీద ఫ్రేములు తిప్పి చూస్తుంటే గుండె ఝల్లుమంది. ప్రతి పెద్ద చుక్క చుట్టూ మెత్తటి తెల్లటి వెలుగు. స్టాక్ కూడా చేయలేదు, ఒక్క ఫ్రేములోనే! ఫోన్‌లో నోట్ కూడా రాసుకున్నా, "నెబ్యులా సింగిల్ ఫ్రేములో కనిపిస్తోంది" అని. ఇరవై నిమిషాలు ఆ ఆనందంలోనే ఉన్నా.

పదకొండు అవుతుండగా అమ్మ తలుపు తీసుకుని వచ్చింది, పగలు దండెం మీద మర్చిపోయిన దుప్పటి తీయడానికి. చేత్తో పట్టుకుని "ఏమే, ఎండినవి మళ్ళీ తడిసిపోయాయి చూడు, ఎంత మంచు కురుస్తోందో" అంది. నేను చటుక్కున లేచా. లెన్స్ హుడ్‌లోకి ఎర్ర టార్చ్ ఏటవాలుగా వేసి చూస్తే గాజు మీద సన్నటి చెమ్మ పొర, దగ్గరగా చూస్తే ఆవగింజలో వందో వంతు ఉండే బొట్లు, లెక్కలేనన్ని, ఒక్కోదాంట్లో టార్చ్ ఎర్రగా మెరుస్తోంది. నేను మురిసిపోయిన వెలుగంతా ఇదే. అప్పుడు ఫ్రేములు మళ్ళీ చూస్తే తేడా కళ్ళకి కట్టినట్టుంది, ఆ వెలుగు ప్రతి చుక్క చుట్టూ నలువైపులా ఒకే రకంగా గుండ్రంగా ఉంది, ఆఖరికి ఆ మూలన పిల్లలకోడికి సంబంధమే లేని చుక్క చుట్టూ కూడా. నిజమైన దుమ్ము అలా ఉండదు, పిల్లలకోడిలోని మెరోపీ అనే చుక్క దగ్గర అది ఒక పక్కకి, దక్షిణం వైపుకి ఒరిగి ఉంటుంది.

గాలి పొడిగా ఉందని నమ్మి, లెన్స్‌ని వెచ్చగా ఉంచే డ్యూ హీటర్ పట్టీ పెట్టెలోనే వదిలేశా. కానీ లెన్స్ చల్లబడేది గాలిని బట్టి మాత్రమే కాదు, ఎదురుగా నిర్మలమైన ఆకాశం ఉంటే తన వేడంతా అటు వదిలేసుకుంటూ చుట్టూ ఉన్న గాలి కంటే కూడా చల్లబడుతుంది, గాలిలో ఉన్న కాస్త తేమ కూడా దాని మీదే చేరుతుంది. ఆకాశం ఎంత బాగుంటే లెన్స్‌కి అంత ప్రమాదం అన్నమాట. గుడ్డతో తుడవబుద్ధయింది కానీ తుడవలేదు, ఫోకస్ కదిలిపోతుంది, గాజు మీద మరకలూ పడతాయి. పట్టీ చుట్టి పవర్ బ్యాంకుకి పెట్టి పావుగంట పైన కూర్చున్నా, చెమ్మ అంచుల నుంచి మధ్యకి మెల్లగా కరిగిపోయింది. అమ్మ కూడా దుప్పటి చంకలో పెట్టుకుని అక్కడే నిలబడి చూసింది. పదకొండుంపావుకి మళ్ళీ మొదలెట్టి పన్నెండున్నర దాకా తీశా. తర్వాత లెన్స్ మూత పెట్టి అదే చలిలో ఇరవై డార్కులు (సెన్సార్ మచ్చలు తీసేయడానికి పనికొచ్చే చీకటి ఫొటోలు), తెల్ల బనీను లెన్స్ మీద బిగించి ట్యాబ్ స్క్రీన్ వెలుగులో ఫ్లాట్లు (మూలల మసక సరిచేయడానికి), ఒంటిగంటన్నరకి పడక.

పడుకునే ముందు టెంపెల్ అనే పాతకాలపు ఖగోళ పరిశీలకుడు గుర్తొచ్చాడు. 1859లో వెనిస్‌లో చిన్న టెలిస్కోపుతో మెరోపీ పక్కన ఈ నెబ్యులాని మొదట చూసింది ఆయనే, అద్దం మీద ఊపిరి వదిలితే పడే మరకలా ఉందన్నాడు. చాలామందికి అది కనపడక అసలు ఉందా లేదా అని ఏళ్ళ తరబడి వాదించుకున్నారు. 1885లో పారిస్‌లో హెన్రీ సోదరులు ఫొటో తీస్తే మాయా అనే చుక్క దగ్గర ఎవరూ చూడని ఇంకో నెబ్యులా బయటపడింది, మరుసటి ఏడాది ఐజాక్ రాబర్ట్స్ తీసిన ఫొటోలో ఆ పొగ చుక్కల మధ్యంతా పరుచుకుని కనిపించింది. అది నక్షత్రాల వెలుగే దుమ్ము మీద పడి తిరిగొస్తోందని 1912లో స్లైఫర్ అనే శాస్త్రవేత్త దాని స్పెక్ట్రమ్ తీసి, అంటే వెలుగుని రంగులుగా విడదీసి, తేల్చాడు. అద్దం మీద ఆవిరి అన్న మాట నేను ఎన్నోసార్లు చదివా, కానీ ఈ రాత్రి దాకా నిజంగా అర్థం కాలేదు. ఆయన ఎదురుగా ఉన్నదీ అలాంటి వెలుగే, తన గాజు మీద ఉందో ఆకాశంలో ఉందో తేల్చుకోవడానికి ఆయనకి స్టాకింగ్ లేదు, ఫొటోలే లేవు, కళ్ళూ ఓపికా తప్ప.

పొద్దున ఆదివారం ఏడింటికే సిస్టమ్ ముందు కూర్చున్నా. చెమ్మ పట్టిన నలభై ఫ్రేములు తీసేస్తే మంచు పట్టకముందువి 87, తర్వాతవి 72, మొత్తం 159 మిగిలాయి, రెండున్నర గంటల పైనే వెలుగు. రెండు మూడు ఫ్రేముల్లో శాటిలైట్ గీతలు ఉన్నాయి కానీ మిగతావాటితో పోల్చి స్టాకింగే వాటిని ఏరేస్తుంది. సిరిల్ అనే సాఫ్ట్‌వేర్‌లో పెట్టి, బ్యాక్‌గ్రౌండ్‌లో ఒక పక్క నుంచి పరుచుకున్న ఊరి వెలుతురు తీసేసి, నెమ్మదిగా స్ట్రెచ్ చేసి వెలుగు పెంచుతూ పోతుంటే మొదట మెరోపీ పక్కన లేత నీలం, తర్వాత మాయా చుట్టూ, చివరికి వాటి మధ్యలో దువ్వెనతో దువ్విన జుట్టులాంటి సన్నటి చారలు. నేను చేత్తో నోరు మూసుకున్నా.

అమ్మ వెనక నుంచి వచ్చి చూసి "ఇదేంటే, ఇందులోనూ మంచు పట్టిందా?" అని మెరోపీ మీద వేలు పెట్టింది.

రాత్రి చెమ్మ పట్టిన ఫ్రేము ఒకటి తెరిచి పక్కన పెట్టా. రెండిటినీ కాసేపు మార్చి మార్చి చూసి, "అది గుండ్రంగా ఉంది, ఇదేమో ఒక పక్కకే కారినట్టుంది" అంది.

"అదేనమ్మా" అన్నా.

కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది.