88 కీల కీబోర్డుతో ఊళ్లు తిరగాలంటే

కీబోర్డు కొనేటప్పుడు అందరూ సౌండ్లు వింటారు, కీల టచ్ చూస్తారు. మొత్తం బరువెంతో స్పెసిఫికేషన్ల చివర్లో ఎక్కడో ఉంటుంది, అక్కడిదాకా ఎవరూ పోరు. మోయడానికి మనిషి లేకుండా సొంతంగా ప్రోగ్రాములు ఒప్పుకునేవాళ్లు మొదట చదవాల్సింది ఆ లైనే.

హామర్ యాక్షన్ (అసలు పియానోలా కీలు బరువుగా నొక్కుకునే ఏర్పాటు) ఉన్న 88 కీల కీబోర్డుల్లో తేలికవి 11, 12 కిలోలుంటాయి. స్టేజ్ పియానో పేరుతో వచ్చేవి 18 నుంచి 22 దాకా తూగుతాయి. దానికి ప్లైవుడ్ ఫ్లైట్ కేసు (ప్రయాణానికి వాడే గట్టి పెట్టె) చేయిస్తే ఆ కేసే ఇంకో 15, 20 కిలోలు. విమానంలో చెకిన్ బ్యాగుకు చాలాచోట్ల 23 కిలోలే హద్దు. అదనంగా డబ్బు కట్టినా, ఒక్క బ్యాగు 32 కిలోలు దాటితే చాలా విమాన సంస్థలు లగేజీగా తీసుకోవు. 20 కిలోల పియానోను 18 కిలోల కేసులో పెట్టారంటే అది ఇక కార్గోలో పోవాల్సిందే. కొలతలదీ ఇదే గొడవ. పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 158 సెంటీమీటర్ల లోపు ఉండాలన్నది మామూలు నియమం. 88 కీలకు పొడవొక్కటే 130 చుట్టుపక్కల ఉంటుంది, కేసుతో మూడూ కలిపితే 200 దాటుతుంది. అందుకే టికెట్ కొనకముందే కేసు బయటి కొలతలు, బరువు మెయిల్లో పంపి, వచ్చిన జవాబు ప్రింటు తీసి దగ్గర పెట్టుకోవాలి. కౌంటర్ దగ్గర బతిమాలితే అయ్యే పని కాదిది.

నా మటుకు లెక్క సులువు. రోడ్డు మీదైతే 12 కిలోల కీబోర్డు, చక్రాలున్న మందపాటి మెత్తటి బ్యాగు. విమానమైతే 88 కీలు ఇంట్లోనే ఉంచి, అక్కడ కీబోర్డు ఏర్పాటు చేయమని నిర్వాహకుల్ని అడగడం. తీసుకెళ్లి తీరాలంటే 61 కీలది చాలు. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు ఇలా అడగడానికి మొహమాటపడతారు. అడగడం తప్పు కాదు, వివరంగా అడగకపోవడమే తప్పు. 'ఒక కీబోర్డు కావాలి' అని రాస్తే బొమ్మలాంటిది తెచ్చి పెడతారు. 88 వెయిటెడ్ కీలు (పియానోలా బరువుగా నొక్కుకునేవి), పనికొచ్చే రెండు మూడు మోడళ్ల పేర్లు, స్టాండు, సస్టెయిన్ పెడల్ (నొక్కి ఉంచితే సౌండ్ సాగుతుంది), రెండు డీఐ బాక్సులు (కీబోర్డు సౌండును మిక్సర్‌కు శుభ్రంగా పంపే చిన్న పెట్టెలు) అని విడివిడిగా రాయాలి. మీ సౌండ్లు పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్తే అక్కడ అదే మోడల్ ఉంటేనే ఎక్కుతాయి. కాబట్టి పియానో, ఎలక్ట్రిక్ పియానో, ఆర్గన్, ఈ మూడూ ఏ కీబోర్డు మీదైనా పది నిమిషాల్లో సర్దుకునేలా చేయి అలవాటు చేసుకోవాలి. సొంత పెడల్ మాత్రం వెంట ఉండాల్సిందే. కాలు తీస్తే సౌండ్ సాగుతూ, నొక్కితే ఆగిపోతోందంటే పెడల్ పోలారిటీ (లోపలి స్విచ్ తెరుచుకునే, మూసుకునే తీరు) తిరగబడిందన్నమాట. పెడల్ అడుగున చిన్న స్విచ్ ఉంటే మార్చండి. లేకపోతే కీబోర్డు ఆపి, పెడల్ తగిలించే ఉంచి, దాని మీద కాలు లేకుండా మళ్లీ ఆన్ చేయండి: చాలా కీబోర్డులు ఆన్ అయ్యేటప్పుడు పెడల్ ఏ స్థితిలో ఉందో చూసుకుని దాన్నే 'నొక్కనట్టు'గా తీసుకుంటాయి. అందుకే ఆన్ చేసేటప్పుడు పెడల్ మీద కాలు పెట్టకూడదు.

దారిలో కీబోర్డు పాడయ్యేది ఎక్కువగా కింద పడి కాదు, సర్దడం తెలియక. పెడల్, అడాప్టర్, కేబుళ్లు కీల మీద పరిచి జిప్ వేసేస్తారు. పైన ఇంకో పెట్టె పడగానే ఆ పెడల్ మూల వెళ్లి కీ మీద నొక్కుకుంటుంది, కీ విరుగుతుంది. విడి సామాను వేరే సంచిలోనే ఉండాలి. కీల మీద రెండు సెంటీమీటర్ల ఫోమ్ పరిచి, నాబ్‌లూ పిచ్ వీలూ (స్వరాన్ని వంచే చక్రం) ఉన్నచోట ఫోమ్‌ను గుంటగా కోయాలి, లేకపోతే బరువంతా వాటి మీదే పడుతుంది. వెనక జాకుల్లో ఏదీ గుచ్చి ఉంచకూడదు. అడాప్టర్ పిన్ను వంగితే లోపలి సాకెట్ సర్క్యూట్ బోర్డు నుంచి ఊడుతుంది. అది వేదిక దగ్గర బాగయ్యే రిపేరు కాదు.

అడాప్టర్లు రెండు ఉండాలి. వోల్టేజీతోపాటు పిన్నులో ప్లస్ లోపలో బయటో కూడా చూసి రెండోది కొనాలి. విదేశమైతే దాని మీద 100–240 అని ఉందో లేదో చూసుకోండి. అడాప్టర్ లేకుండా నేరుగా కరెంటుకు తగిలించే మోడళ్లలో కొన్ని ఒకే వోల్టేజీకి చేసినవి, వాటికి ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. అదింకో బరువు.

కేబుళ్లు 5 మీటర్లవి రెండు చాలు. సౌండ్ మిక్సర్ అంతకంటే దూరమైతే డీఐ బాక్సు వేదిక మీద మీ పక్కనే ఉండాలి, లేకపోతే గుర్రుమనే హమ్ వస్తుంది. మిక్సర్‌లో ఒక్క ఛానెలే ఇస్తే ఎడమ వైపు, 'మోనో' అని రాసి ఉన్న జాక్‌లో పెట్టండి.

చేతుల సంగతి చాలామంది పట్టించుకోరు. కేసు పిడి పట్టుకుని మెట్లెక్కితే ముంజేతి కండరాలు బిగుసుకుంటాయి. వెంటనే వాయిస్తే వేగంగా వెళ్లేచోట వేళ్లు తడబడతాయి. సౌండ్ చెక్‌కు అరగంట ముందే సామాను వేదిక మీదికి చేరేలా చూసుకోండి. చల్లటి బండిలోంచి ఉక్కపోత హాల్లోకి తెస్తే ఆ అరగంట ఎటూ కావాలి. బ్యాగు తెరవకుండా అలాగే వదిలేస్తే కీబోర్డు మెల్లగా గది వేడికి వస్తుంది. గబుక్కున తెరిస్తే లోపల తేమ పడుతుంది, అప్పుడు ఆన్ చేయడం ప్రమాదం.