అద్దం కోసం పడ్డ పాట్లు

మొన్న ఆదివారం అటక సర్దుతుంటే పాత సీపీయూ డబ్బా బయటపడింది. పక్క రేకుకున్న నాలుగు స్క్రూల్లో రెండు తుప్పు పట్టి కదల్లేదు. విశాఖ సముద్రపు గాలికి గేటు గొళ్లేలే ఆగవు, ఇక స్క్రూలెంత! పటకారుతో పీకి తెరిస్తే లోపల అదే గ్రాఫిక్స్ కార్డు, ఫ్యాను నిండా బూజు.

2010లో మద్దిలపాలెంలో నాకు డీటీపీ షాపు ఉండేది. యూనివర్సిటీ పిల్లల థీసిస్‌లు, ప్రాజెక్టు రిపోర్టులు, ముహూర్తాల సీజన్లో శుభలేఖలు. ఎదురు షాపాయన విండోస్ 7 వేయించాడు. విండో అంచులు గాజు పలకల్లా ఉండేవి, వాటి వెనకున్న బొమ్మ మసగ్గా కనిపించేది. దాన్నే ఏరో గ్లాస్ అనేవాళ్లు. పిల్లలు అక్కడ నిలబడి మరీ చూసేవారు. నాకు కుళ్లు పుట్టింది, దాచడమెందుకు.

నేనూ విండోస్ 7 హోమ్ ప్రీమియం వేయించాను. అన్నీ వచ్చాయి, అద్దం తప్ప. అంచులు లేత నీలం ప్లాస్టిక్ ముక్కల్లా ఉన్నాయి. సిస్టమ్ వేసిన కుర్రాడు "ర్యామ్ చాల్లేదు మాస్టారూ" అన్నాడు. ఒక జీబీ ఉన్నదాన్ని రెండు చేశాం. ఊహూ. విండోస్ తనే మెషీన్‌కి మార్కులు వేసే పేజీ ఒకటుండేది, అందులో గ్రాఫిక్స్‌కి 1.0 వచ్చింది. అన్నిట్లోకీ తక్కువ వచ్చిన మార్కే మొత్తం మార్కు. అంటే నా మెషీన్ మొత్తం విలువ ఒకటి!

ద్వారకానగర్లో రిపేర్లు చేసే ఒక పెద్దాయన మెషీన్ లోపలి వివరాలు చూపే డీఎక్స్‌డయాగ్‌ని రన్‌లో కొట్టి, బోర్డులోని గ్రాఫిక్స్ చిప్ పేరు చూసి నవ్వాడు. "ఇది ఇంటెల్ వాళ్ల 915 బోర్డు. దీనికి ర్యామ్ ఎంత పోసినా అంతే."

ఆయన చెప్పింది నాకు అర్థమైనంతలో ఇది. పాత విండోస్ ఎక్స్‌పీ వరకు ప్రతి ప్రోగ్రామూ తెర మీద నేరుగా గీసేది. 2007లో దాని తర్వాతి విండోస్, విస్టా వచ్చాక, ఏరో నడుస్తున్నప్పుడు ప్రతి విండో తన బొమ్మను మెమరీలో విడిగా గీసి పెడుతుంది. విండోస్‌లోనే ఉండే డెస్క్‌టాప్ విండో మేనేజర్ వాటన్నిటినీ గ్రాఫిక్స్ కార్డు సాయంతో ఒకదాని మీద ఒకటి పేర్చి తెర మీదకి పంపుతుంది. ఆ మసక అద్దానికి గ్రాఫిక్స్ చిప్‌లో డైరెక్ట్‌ఎక్స్ 9, పిక్సెల్ షేడర్ 2.0 అనే బొమ్మలు గీసే సామర్థ్యాలు ఉండాలి. నా చిప్‌లో పిక్సెల్ షేడర్ 2.0 ఉంది కూడా! లేనిదల్లా డబ్ల్యూడీడీఎం అనే కొత్త పద్ధతిలో రాసిన డ్రైవర్, అంటే చిప్‌ని విండోస్‌తో కలిపే ప్రోగ్రామ్. 915కి అది రానేలేదు. మా కుర్రాడు ఎక్కించింది ఎక్స్‌పీ కాలం నాటి డ్రైవర్. పరీక్ష పాసైనా అపాయింట్‌మెంట్ ఆర్డరు రాని అభ్యర్థి లాంటిదన్నమాట నా చిప్. అమెరికాలో కంప్యూటర్ మీద "విస్టా కేపబుల్" (విస్టా నడుస్తుంది) అనే స్టిక్కరు చూసి కొన్నవాళ్లు ఇలాంటి గొడవ మీదే 2007లో కోర్టుకెక్కారట. నేనొక్కణ్నే కాదని కాస్త తృప్తి.

నా బోర్డులో గ్రాఫిక్స్ కార్డు బిగించే పెద్ద పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాటు ఖాళీగా ఉండటం అదృష్టం. సెకండ్ హ్యాండ్ 8400 జీఎస్ గ్రాఫిక్స్ కార్డు ఒకటి కొన్నాను. బిగించి ఆన్ చేస్తే తెరంతా నలుపు. పది నిమిషాలు చెమటలు పట్టాయి. మానిటర్ కేబుల్ ఇంకా పాత బోర్డు పోర్టులోనే ఉంది! తీసి కార్డుకి పెట్టాను. డ్రైవర్ వేసి రీస్టార్ట్ చేస్తే అద్దం వచ్చింది. విండోస్ బటన్ పట్టుకుని ట్యాబ్ నొక్కితే విండోలన్నీ పేకముక్కల్లా ఏటవాలుగా నిలబడ్డాయి. ఆ రాత్రి షట్టర్ సగం దించి ఎన్నిసార్లు నొక్కానో.

పొద్దున్నే పాత టైపింగ్ ప్రోగ్రామ్ తెరిచాను. అది ఏరోతో పొసగని రకం. టక్కున అద్దం మాయం, కలర్ స్కీమ్ బేసిక్‌కి మార్చామని మూలన చిన్న సందేశం. మూస్తే అద్దం తిరిగొస్తుంది. నా పనంతా ఆ ప్రోగ్రామ్‌లోనే!

మధ్యాహ్నం కాస్త ఖాళీ దొరికితే దాన్ని మూసి, థీసిస్ ప్రింటు కోసం కూర్చున్న అమ్మాయికి పేకముక్కల విద్య చూపించాను. ఓపిగ్గా చూసింది.

"బాగుంది మాస్టారూ, స్పైరల్ బైండింగ్ ఎంత?"