లైఫ్ రాఫ్ట్ కొనేముందు, దాన్ని విప్పి మడతపెట్టేదెవరో కనుక్కోండి

హుస్సేన్ సాగర్‌లో లేజర్, ఆప్టిమిస్ట్ లాంటి చిన్న తెరచాప పడవలు నడిపేవాళ్లకు లైఫ్ రాఫ్ట్‌తో, అంటే పడవ మునిగేటప్పుడు గ్యాస్ నిండి విచ్చుకునే తెప్పతో, పనిలేదు. ఒంటికి సరిపోయే జాకెట్, దగ్గర్లో రెస్క్యూ బోటు ఉంటే చాలు. ఇక్కడ తెరచాప పట్టడం నేర్చుకుని, నలుగురు కలిసి డబ్బులేసుకుని విశాఖలోనో గోవాలోనో ముప్పై అడుగుల పడవ కొందామనుకున్నప్పుడు లెక్క మారుతుంది. ఒడ్డు కనబడనంత దూరం వెళ్లే పడవలో రాఫ్ట్ ఉండాల్సిందే.

అప్పుడు అందరూ ధర అడుగుతారు, బ్రాండ్ అడుగుతారు. మొదట అడగాల్సింది వేరే ఉంది: దీన్ని మన దేశంలో ఎవరు విప్పి, పరీక్షించి, మళ్లీ మడతపెడతారు? రాఫ్ట్‌ను ఇంట్లో తెరిచి చూసుకోలేం. తాడు లాగితే ఒక్కసారే తెరుచుకుంటుంది. ఆ తర్వాత సిలిండర్‌లో గ్యాస్ నింపాలి, ఆ కంపెనీ చెప్పిన వరసలోనే మడవాలి, గడువు తీరిన సామాన్లు మార్చాలి. ఇది కంపెనీ గుర్తింపు ఉన్న సర్వీస్ స్టేషన్ చేసే పని. ఇవి వాణిజ్య ఓడలు వచ్చే ముంబై, చెన్నై, కొచ్చి లాంటి రేవుల దగ్గర ఉంటాయి. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో తాళ్లు, గొలుసులు కొనొచ్చు గానీ ఈ పని అక్కడ కాదు. కాబట్టి ముందు సర్వీస్ స్టేషన్‌కు ఫోన్ చేసి ఏయే బ్రాండ్లకు గుర్తింపు ఉందో, విడిభాగాలు దొరుకుతాయో లేదో కనుక్కోండి. ఆ జాబితాలో లేని రాఫ్ట్ ఎంత చవకైనా వద్దు.

అమెరికా నుంచి వచ్చే తమ్ముడి సూట్‌కేసులో తెప్పించుకోవచ్చు కదా అనిపిస్తుంది. కుదరదు. లోపల ఒత్తిడితో నింపిన సిలిండర్, చాలా ప్యాక్‌లలో ఆపదలో సంకేతంగా వెలిగించే ఫ్లేర్‌లు ఉంటాయి. రవాణా నిబంధనల్లో ఇది యూఎన్ 2990 కింద ప్రమాదకర సరుకు. ప్రయాణికుల లగేజీలో రాదు, కాగితాలన్నీ ఉన్న కార్గోగానే రావాలి.

ఇక ప్రమాణాలు. రెండు పేర్లు వినబడతాయి. సోలాస్ అంటే ఓడల భద్రత మీద అంతర్జాతీయ ఒప్పందం; ఆ రాఫ్ట్‌లు ఓడల కోసం చేసినవి, బరువెక్కువ. చిన్న పడవలకు ఐఎస్ఓ 9650 చాలు. అందులో మొదటి భాగం సముద్రం లోపలికి వెళ్లేవాటికి, రెండోది తీరం వెంబడి తిరిగేవాటికి. బంగాళాఖాతంలోకి వెళ్తున్నామంటే మొదటిదే తీసుకోండి. దానిలో మళ్లీ ఎ, బి గ్రూపులున్నాయి. ఎ గ్రూపు మైనస్ 15 డిగ్రీల దగ్గర కూడా విచ్చుకోవాలి, బి గ్రూపు సున్నా దాకా. మన నీళ్లకు బి గ్రూపు సరిపోతుంది. మిగిలిన డబ్బు మంచినీళ్లకు, ఆపద సంకేతం పంపే బీకన్‌కు పెట్టడం తెలివైన పని.

సైజు విషయంలో రెండు వైపులా పొరపాటు జరుగుతుంది. సోలాస్ లెక్కలో ఒక మనిషికి 0.372 చదరపు మీటర్లు, అంటే దాదాపు నాలుగు చదరపు అడుగులు. ఆరుగురి రాఫ్ట్ అంటే ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పున్న మంచమంత చోటు. అందులో ఆరుగురు మోకాళ్లు ముడుచుకుని కూర్చోవాలి. అది చూసి నలుగురి కోసం ఎనిమిది మంది రాఫ్ట్ కొంటే అది ఇంకో ప్రమాదం. లోపల బరువు తక్కువైతే గాలికి తేలిగ్గా తిరగబడుతుంది. నలుగురికి నాలుగో ఆరో, అంతే. అడుగున నీళ్లు నింపుకునే సంచులు ఎంత పెద్దవో తప్పకుండా చూడండి. అలల్లో రాఫ్ట్‌ను పట్టి ఉంచేవి అవే. నేల రెండు పొరలుగా ఉందో లేదో కూడా అడగండి. 28 డిగ్రీల నీళ్లయినా రాత్రంతా దాని మీద తడిసి కూర్చుంటే ఒంట్లో వేడి పోతూనే ఉంటుంది.

డబ్బా రకమా, సంచి రకమా? ఫైబర్ డబ్బా డెక్ మీద స్టాండులో ఉంటుంది, ఎండావానా తట్టుకుంటుంది. సంచి రకం తేలిక, చవక. కానీ దాన్ని లోపల పొడిగా ఉండే చోట పెట్టాలి. సముద్ర రేసుల నిబంధనల ప్రకారం రాఫ్ట్‌ను 15 సెకన్లలో పడవ అంచుకు తేగలగాలి. మీ సంచి లంగరు తాడు కింద, దాని మీద రెండు సీట్ల దిండ్లు ఉంటే ఆ 15 సెకన్లు మర్చిపోండి. నలుగురి రాఫ్టే ముప్పై కిలోల అటూఇటూ ఉంటుంది. పడవలో అందరికన్నా బలహీనమైన మనిషి దాన్ని ఎత్తగలరా అని ఒడ్డున ఉండగానే చూడండి. డబ్బా మీద కూర్చోవద్దు, నిలబడొద్దు, ప్రెషర్ వాషర్ నీళ్లు కొట్టొద్దు. అడుగున నీళ్లు పోయే రంధ్రాలు కిందికే ఉండాలి. డబ్బా రెండు సగాలను పట్టి ఉంచే పట్టీలు గ్యాస్ నిండినప్పుడు వాటంతటవే తెగుతాయి, వాటిని ముందే కోయకూడదు. రవాణా కోసం కట్టిన అదనపు పట్టీలు మాత్రం తీసేయాలి. ఏవి ఏవో మాన్యువల్‌లో బొమ్మతో సహా ఉంటుంది.

అన్నిటికన్నా ఎక్కువగా చెడేది తాడు కట్టే దగ్గర. పెయింటర్ అనే ఆ తాడు కొసను పడవలో గట్టి చోట కట్టకపోతే, నీళ్లలో వేసిన రాఫ్ట్ విచ్చుకోకుండానే కొట్టుకుపోతుంది. పడవ మునిగితే డబ్బాను తనంతట తానే వదిలే హైడ్రోస్టాటిక్ రిలీజ్ పెట్టుకున్నవాళ్లు దీనికి ఎదురు తప్పు చేస్తారు. ఆ యూనిట్ నీటిలో 1.5 నుంచి 4 మీటర్ల లోతుకు వెళ్లగానే కోత కత్తి విడుదలై డబ్బాను పట్టి ఉంచిన పట్టీని వదిలేస్తుంది. డబ్బా పైకి లేస్తుంది, మునుగుతున్న పడవ తాడును లాగుతుంది, రాఫ్ట్ విచ్చుకుంటుంది. ఆ పైన ఎర్రటి బలహీన లింకు తెగి రాఫ్ట్ విడివడుతుంది. పెయింటర్‌ను ఆ లింకుకు కాకుండా నేరుగా డెక్ మీది రింగుకు కడితే పడవతో పాటు రాఫ్ట్ కూడా కిందికే పోతుంది. ఎక్కువ వాడకంలో ఉన్న హామర్ హెచ్20 యూనిట్‌ను బిగించిన రెండేళ్లకు మార్చాలి. దాని మీదే నెల, సంవత్సరం గుర్తు పెట్టుకునే చోటు ఉంటుంది. చాలా పడవల్లో ఆ చోటు ఖాళీగా ఉంటుంది.

లోపలి ప్యాక్‌లో ఏముందో జాబితా అడిగి తీసుకోండి. సోలాస్ ఎ ప్యాక్‌లో మనిషికి లీటరున్నర నీళ్లు, 10,000 కిలోజౌల్స్ ఆహారం, నాలుగు రాకెట్ ఫ్లేర్‌లు, ఆరు చేతి ఫ్లేర్‌లు ఉంటాయి. బి ప్యాక్‌లో ఫ్లేర్‌లు సగం, నీళ్లూ ఆహారం అసలు ఉండవు. ఐఎస్ఓలో 24 గంటల లోపు, ఆ పైన అని రెండు ప్యాక్‌లు. మన ఎండకు నీళ్లే ప్రాణం. అందుకే పక్కనే ఒక గ్రాబ్ బ్యాగ్, అంటే దిగేటప్పుడు చటుక్కున అందుకునే సంచి, పెట్టుకోండి: నీళ్ల క్యాన్లు (నిండా కాకుండా ముప్పావు వంతు, పడితే బాగా తేలేలా), వాటర్‌ప్రూఫ్ వీహెచ్ఎఫ్ రేడియో, మందులు, టోపీలు, పొడుగు చేతుల చొక్కాలు, బీకన్.

బీకన్ అంటే 406 మెగాహెర్ట్జ్ ఈపిర్బ్. దాని సంకేతం ఉపగ్రహం ద్వారా బెంగళూరులో ఇస్రో నడిపే కేంద్రానికి, అక్కడి నుంచి కోస్ట్ గార్డ్‌కు చేరుతుంది. బయట దేశంలో కొన్న బీకన్‌లో ఆ దేశపు కోడ్ ఉంటుంది. దాన్ని మన దేశపు కోడ్‌కు మార్పించి, మీ పేరు, పడవ వివరాలు నమోదు చేయించాలి. లేకపోతే సంకేతం వచ్చాక ఎవరిదో తేల్చుకోవడానికే సమయం పోతుంది. తురాయా, ఇరిడియం శాటిలైట్ ఫోన్లు అనుమతి లేకుండా మన దేశంలో వాడటం నేరం. చేతిలో ఇమిడే శాటిలైట్ మెసెంజర్లూ విమానాశ్రయాల్లో పట్టుబడుతున్నాయి. వాటి మీద ఆధారపడే ప్లాన్ వేసుకోవద్దు. ఒడ్డున ఉన్న ఇంట్లోవాళ్లకు కోస్ట్ గార్డ్ నంబరు 1554 రాసిచ్చి వెళ్లండి.

ఇక ఎప్పుడు ఎక్కాలి? పడవ నిజంగా మునుగుతున్నప్పుడు, లేదా మంటలు అదుపు తప్పినప్పుడు. 1979లో బ్రిటన్ దగ్గర తుఫానులో చిక్కుకున్న ఫాస్ట్‌నెట్ పడవల రేసులో 24 పడవలను వదిలేశారు, మునిగినవి అయిదే. ఆ రేసులో 15 మంది చనిపోయారు, వాళ్లలో కొందరు రాఫ్ట్‌లు తిరగబడి, చిరిగిపోయి పోయినవాళ్లు. 2018 సెప్టెంబర్‌లో హిందూ మహాసముద్రపు దక్షిణ కొసన తెరచాప కొయ్య విరిగి, వెన్ను దెబ్బతిన్న భారత నౌకాదళ అధికారి అభిలాష్ టోమీ తన పడవలోనే ఉండి సాయం కోసం ఎదురుచూశారు. తేలుతున్న పడవ ఎంత పాడైనా రాఫ్ట్ కన్నా పెద్దది, తొందరగా కనబడుతుంది.

తప్పదనుకున్నాక జాకెట్లు వేసుకుని, వీహెచ్ఎఫ్ 16వ చానల్లో మేడే (ప్రాణాపాయంలో ఉన్నామనే పిలుపు) చెప్పి, బీకన్ ఆన్ చేయండి. పెయింటర్ కొస కట్టి ఉందో లేదో చేత్తో పట్టి చూడండి. గాలి చాటు వైపు, కింద ఎవరూ లేరని చూసి వేయండి. తాడు చివరిదాకా లాగుతూ పోవాలి. చాలా మీటర్లు వస్తుంది, ఏమీ జరగలేదని మధ్యలో ఆపేస్తారు. బిగిసిన తర్వాత గట్టిగా ఒక కుదుపు ఇస్తే గ్యాస్ విడుదలవుతుంది. నిండిన తర్వాత బుస్సుమని శబ్దం వస్తే చిరిగిందని హడలిపోవద్దు. ఎక్కువైన గ్యాస్ వాల్వ్ నుంచి పోతోంది. అది కార్బన్ డయాక్సైడ్ కాబట్టి కాసేపు రాఫ్ట్ మీద కప్పులా ఉండే గుడారం తలుపులు తెరిచే ఉంచాలి.

తలకిందులుగా విచ్చుకుంటే ఒకరు నీళ్లలో దిగాలి. సిలిండర్ ఉన్న వైపు గాలివాలుకు వచ్చేలా తిప్పి, దాని మీద నిలబడి, అడుగున ఉన్న పట్టీ పట్టుకుని వెనక్కి వాలాలి. ఎదురుగా పైకి లేచిన అంచును గాలే తోస్తుంది. మీద పడితే వెల్లకిలా ఈదుతూ బయటికి రావాలి. మొదట బలమైన మనిషి ఎక్కి బరువు కుదర్చాలి, తర్వాత మిగతావాళ్లు. వీలైనంతవరకు తడవకుండా పడవ నుంచి నేరుగా అడుగు వేయండి, పైనుంచి దూకొద్దు.

అందరూ ఎక్కాక గుమ్మం దగ్గర ఉన్న కత్తితో తాడు కోసి, దూరం జరిగి, సీ యాంకర్ (నీళ్లలో గొడుగులా తెరుచుకుని రాఫ్ట్‌ను ఆపే గుడ్డ) వేయండి. అది రాఫ్ట్ తిరగబడకుండా చూస్తుంది, చెప్పిన చోటి నుంచి మరీ దూరం పోనివ్వదు. కడుపు తిప్పకుండా ఉండే మాత్ర అందరూ వెంటనే వేసుకోవాలి. వాంతులతో పోయే నీళ్లు తిరిగి రావు. గాయపడ్డవాళ్లకు తప్ప మొదటి 24 గంటలు నీళ్లివ్వరు. ఆ తర్వాత రోజుకు అరలీటరు, మూడు విడతలుగా. చేతి ఫ్లేర్‌ను గాలివాలు వైపు అంచు బయటికి చాపి పట్టుకోండి, రాలే నిప్పురవ్వ ట్యూబ్‌ను కాల్చేస్తుంది. మధ్యాహ్నం ఎండకు గ్యాస్ వ్యాకోచించి వాల్వ్ నుంచి పోతుంది, రాత్రి చల్లబడ్డాక ట్యూబ్‌లు మెత్తబడతాయి. చీకటి పడకముందే పంపుతో గాలి కొట్టుకోవాలి.

సర్వీస్ గడువు సోలాస్ రాఫ్ట్‌కు ఏడాది. చిన్న పడవలవాటికి కొన్ని కంపెనీలు మూడేళ్ల దాకా ఇస్తాయి. సెకండ్ హ్యాండ్‌లో తయారీ తేదీ, సర్వీస్ పుస్తకం లేనిది ముట్టుకోవద్దు. పదేళ్లు దాటిన సోలాస్ రాఫ్ట్‌కు ఏటా అదనపు ఒత్తిడి పరీక్ష చేయాలి. సీజన్ కాని నెలల్లో హైదరాబాద్ తెచ్చి దాచుకునేవాళ్లు మే నెలలో కారు డిక్కీలో, మేడమీద రేకుల కింద ఉంచొద్దు. ఇంట్లో నీడపట్టున, మీద ఏమీ పేర్చకుండా, పట్టుకునే పిడులతోనే ఎత్తి పెట్టండి. పెయింటర్ కొస పట్టుకుని లాగారంటే హాల్లోనే తెరుచుకుంటుంది. సర్వీస్‌కు ఇచ్చిన రోజు మాత్రం సెలవు పెట్టి వెళ్లండి. దాన్ని విప్పి నింపేది ఆ రోజే కాబట్టి లోపలికి ఎక్కి కూర్చోనివ్వమని అడగండి. కత్తి ఎక్కడుందో, పంపు మూతి ఏ వాల్వ్‌కు సరిపోతుందో కళ్లు మూసుకుని చేత్తో వెతికి చూడండి.