కార్డు గడువు తీరింది, పీఆర్ పోలేదు

2024 మే నెలలో నా కెనడా పీఆర్ (శాశ్వత నివాస హోదా) కార్డు గడువు తీరేనాటికి నేను నరసన్నపేటలో, నాన్న మంచం పక్కన ఉన్నాను. ఆయనకు పక్షవాతం వచ్చిందని 2023 జూన్‌లో వచ్చాను. వచ్చే నెల వెళ్దాం, పై నెల వెళ్దాం అనుకుంటుండగానే ఏడాది అయిపోయింది. విశాఖలో ఒక ఏజెంటు కార్డు చూసి, "పీఆర్ పోయినట్టేనండీ, మళ్లీ మొదటి నుంచి అప్లై చేసుకోండి" అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆయన చెప్పింది తప్పు. కార్డు వేరు, హోదా వేరు. కార్డు గడువు తీరిందని పీఆర్ దానంతటదే రద్దు కాదు. కాకపోతే ఆ కార్డు లేకుండా విమానం ఎక్కనివ్వరు కాబట్టి, బయట ఉన్నవాళ్లు పీఆర్ ట్రావెల్ డాక్యుమెంట్‌కి అప్లై చేయాలి. అప్పుడు కెనడా అధికారులు చూసేది రోజులు: గత ఐదేళ్లలో 730 రోజులు కెనడాలో ఉన్నామా లేదా అని. వరుసగా ఉండనక్కర్లేదు.

నా టెన్షన్ అంతా అక్కడే. 2020 ఫిబ్రవరిలో ఇంటికొచ్చి, కరోనాతో 2021 నవంబరు దాకా ఇక్కడే ఉండిపోయాను. పాస్‌పోర్టులో ఒక ముద్ర అలికినట్టుంది, తేదీ తెలియడం లేదు. అమ్మ అటక మీంచి పాత కేలండర్ దించింది. ఫిబ్రవరి 13 గడిలో, పాల లెక్క కింద, "బాబు వచ్చాడు" అని ఉంది. టొరంటోలో బయల్దేరింది 12న. పాత ఈమెయిళ్లలో టికెట్ వెతికితే అదే తేదీ.

జూలై 10న అప్లై చేసేటప్పటికి లెక్క 794. చేతిలో మిగిలింది 64 రోజులే. పైగా ఆ ఐదేళ్ల లెక్క రోజూ ముందుకు జరుగుతుంది. నేను ఇక్కడ ఒక రోజు ఆగితే, 2019లో అక్కడ ఉన్న ఒక రోజు లెక్కలోంచి జారిపోతుంది. ఈ సంగతి ఆ ఏజెంటు చెప్పలేదు. ఆయన మాట నమ్మి మూడు నెలలు ఊరుకుంటే నిజంగానే 730 కిందికి పడిపోయేవాణ్ణి.

మా చుట్టాలు నన్ను కెనడా పౌరుడనే అనుకుంటారు. నాది ఇప్పటికీ భారత పాస్‌పోర్టే, అక్కడ ఓటు లేదు. పౌరసత్వానికి ఐదేళ్లలో 1095 రోజులు కావాలి.

ఆగస్టులో ట్రావెల్ డాక్యుమెంట్ అతికించిన పాస్‌పోర్టు తిరిగొచ్చింది. అమ్మ ఏమీ అనలేదు. కేలండర్ దగ్గరికెళ్లి, నా టికెట్ తేదీ గడిలో "బాబు ప్రయాణం" అని రాసింది.