లెన్స్ పెట్టగానే కనబడితే సరిపోదు

బరంపురంలో నా దగ్గరికి స్క్లీరల్ లెన్స్, అంటే కంటి తెల్లగుడ్డు మీద ఆనే పెద్ద కాంటాక్ట్ లెన్స్ కోసం పర్లాకిమిడి, పాతపట్నం వైపు నుంచి కూడా వస్తుంటారు. వాళ్లకి తిరుగు బస్సు టెన్షన్. మొన్న ఒక డిగ్రీ కుర్రాడు, వాళ్లమ్మతో వచ్చాడు. కెరటోకోనస్. కార్నియా, అంటే నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొర, పల్చబడి, ముందుకు పొడుచుకొచ్చి వంకర తిరిగింది కాబట్టి కళ్లద్దాలు ఎన్ని మార్చినా అక్షరాలకి నీడలు పోవు. ట్రయల్ లెన్స్ పెట్టగానే చార్టులో కింది వరుసలు గడగడా చదివేశాడు. వాళ్లమ్మ ముఖం వెలిగిపోయింది. "కనబడీసింది కదా మేడమ్, ఇచ్చేస్తే ఎల్లిపోతాం."

కనబడుతుంది, ఎందుకు కనబడదు! లెన్స్‌కీ కార్నియాకీ మధ్య సెలైన్ నిండి ఎగుడుదిగుళ్లని కప్పేస్తుంది. ఫిట్టింగ్ సరిగ్గా లేకపోయినా మొదటి అరగంట చూపు బాగానే ఉంటుంది. అందుకే ఆ చార్టుని నేను అంతగా నమ్మను.

ఈ లెన్స్ కార్నియాని తాకకూడదు, బరువంతా తెల్లగుడ్డు మీదే ఆనాలి. తెల్లగుడ్డు మీది పొర మెత్తన కదా, గంటలు గడిచేకొద్దీ లెన్స్ 100 మైక్రాన్లో, ఇంకాస్త ఎక్కువో కిందికి దిగుతుంది. భోంచేసి రమ్మని పంపాను. వాళ్లమ్మకి నచ్చలేదు. నాలుగు గంటల తర్వాత స్లిట్ ల్యాంప్ (సన్నని వెలుతురు పట్టీతో కంటిని పెద్దగా చూపే మైక్రోస్కోప్) కింద చూస్తే, పొద్దున రంగు వేసిన సెలైన్ లెన్స్ వెనక మందంగా ఆకుపచ్చ పట్టీలా ఉన్నది కాస్తా, పొడుచుకొచ్చిన కార్నియా కొస దగ్గర దాదాపు మాయమైంది. అలాగే ఇచ్చేస్తే రోజూ అక్కడే ఒరుసుకుని మచ్చ పడొచ్చు. అలాగని మరీ ఎత్తుగా పెట్టినా కుదరదు. ఆక్సిజన్ అందడం తగ్గుతుంది, మధ్యాహ్నానికి మసకలు మొదలవుతాయి. అంచు దగ్గర రక్తనాళాలు నొక్కుకుపోయి తెల్లబారాయేమో కూడా చూశాను. అక్కడ బాగానే ఉంది.

కాస్త లోతైన లెన్స్‌కి ఆర్డర్ పెట్టాను.

ఈలోగా పెట్టుకోవడం, తీయడం నేర్పించాను. లెన్స్ నిండా సెలైన్ పోసి, ముఖం నేలకి సమాంతరంగా వంచి పెట్టుకోవాలి. బుడగ ఉండిపోతే తీసి మళ్లీ పెట్టాల్సిందే. తీసేటప్పుడు రబ్బరు ప్లంజర్ లెన్స్ అంచుకి పెట్టాలి. నడిమధ్యన పెట్టి లాగితే గుడ్డే వచ్చేస్తుందేమో అన్నంత పట్టు! కుళాయి నీళ్లు, కాచి చల్లార్చినవైనా సరే, ముట్టించొద్దని గట్టిగా చెప్పాను. కళ్లు నులమొద్దని కూడా. అది వినేటప్పుడే నులుముకుంటున్నాడు, వాళ్లమ్మ చేతి మీద ఒక్కటిచ్చింది.

లెన్స్ వచ్చాక ఫోన్ చేస్తానన్నాను. ఈసారి మాత్రం పొద్దున్నే మొదటి బస్సుకి రమ్మన్నాను.