రోహిణీ కార్తెలో మా ఇల్లు

రోహిణీ కార్తెలో రోళ్ళు పగులుతాయని మా విజయవాడ వాళ్ళకు ఎవరూ చెప్పనక్కరలేదు. అయితే ఆ ఎండ ఒక మనిషి చూపును మసకబరచగలదని, చక్కగా నడిచే కాళ్ళను గంటలో బరువెక్కించగలదని నాకు తెలిసింది మాత్రం మా ఆవిడకు మల్టిపుల్ స్క్లెరోసిస్ అని నిర్ధారణ అయిన తరువాతే. ఈ జబ్బు గురించి నలుగురికీ తెలియజెప్పే ప్రపంచ దినం మే 30. మాకు అది సరిగ్గా రోహిణీ కార్తెలోనే పడుతుంది.

ఏడేళ్ళ క్రితం ఒక ఉదయం బొట్టు పెట్టుకుంటూ ఆమె ఒక కన్ను మూసి, తరువాత రెండో కన్ను మూసి అద్దంలోకి చూసింది. కుడి కంటికి కుంకుమ ఎర్రగానే ఉందని, ఎడమ కంటికి మాత్రం ఇటుక పొడిలా వెలిసిపోయి కనిపిస్తోందని చెప్పింది. కన్ను కదిపితే లోపల నొప్పి. కళ్ళ డాక్టరు దగ్గర మొదలైన తిరుగుడు న్యూరాలజిస్టు దగ్గర, మెదడుకూ వెన్నుకూ తీసిన ఎంఆర్ఐ దగ్గర తేలింది. ఒంటిని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థే మెదడులో, వెన్నుపాములో నరాలను చుట్టి ఉండే మైలిన్ అనే పొర మీద దాడి చేస్తుందని, పైతొడుగు ఊడిన కరెంటు తీగలా ఆ నరం కబురును ఆలస్యంగా మోస్తుందని, ఒక్కోచోట అసలు మోయదని డాక్టరు గారు కాగితం మీద గీసి చూపించారు. రోజుకొక గ్రాము చొప్పున ఐదు రోజులు స్టెరాయిడ్‌ను సెలైన్‌లో కలిపి ఎక్కించారు. చూపు చాలావరకు తిరిగి వచ్చింది, జబ్బు మాత్రం ఉండిపోయింది.

ఒంటి వేడి అర డిగ్రీ పెరిగినా చాలు, పొర దెబ్బతిన్న ఆ నరాల్లో కబురు ఇంకా నెమ్మదిస్తుంది. విల్హెల్మ్ ఊట్‌హోఫ్ అనే జర్మన్ కంటి వైద్యుడు ఈ సంగతిని 1890లోనే గమనించి రాశారు. ఒళ్ళు చల్లబడితే ఆ ఇబ్బంది తగ్గిపోతుంది, అది కొత్తగా జరిగిన నష్టం కాదు. ఇరవై నాలుగు గంటలు దాటినా తగ్గకుండా, జ్వరమూ ఇన్‌ఫెక్షనూ లేకుండా కొత్త లక్షణం కనిపిస్తే అప్పుడు అది జబ్బు తిరగబెట్టడం కావచ్చు. ఈ తేడా తెలియని రోజుల్లో, ఒక రాత్రి ఆమె మంచం మీద నుంచి లేవలేకపోతే జబ్బు ముదిరిందనుకుని వణికిపోతూ ఆసుపత్రికి తీసుకుపోయాను. తీరా చూస్తే మూత్రంలో ఇన్‌ఫెక్షను, దానివల్ల జ్వరం. అవి తగ్గాక కాళ్ళు మునుపటిలాగే ఆడాయి.

అందుకే ఎండాకాలంలో మా ఇంటి గడియారమే మారిపోతుంది. ఆరు గంటలకల్లా పొయ్యి ఆర్పేస్తాం. వంట ఎక్కువ రోజులు నాదే. మధ్యాహ్నం ఆమె మెడ మీద తడి తువ్వాలు, పక్కన చల్లటి మజ్జిగ ఉంటాయి. పడకగది నుంచి వంటింటికి వెళ్ళే దారిలో, ఆమె చేయి ఆనే ఎత్తున గోడ రంగు ఒక చారగా నునుపుదేరింది. మొన్న రంగులు వేయించేటప్పుడు మేస్త్రి దాన్ని చూసి పిల్లల పనా అని అడిగాడు. ఆ గోడ వెంట కొయ్య కడ్డీ బిగించమని చెప్పాను.

కానీ అన్నిటికంటే కష్టమైనది ఆమె అలసట. నిద్రపోతే తీరే అలసట కాదది, బయటికి కనిపించదు కూడా. రెండేళ్ళ క్రితం వైశాఖంలో మా బంధువుల పెళ్ళికి వెళ్ళాం. మధ్యాహ్నం ముహూర్తం. మంటపం దగ్గర కాసేపు నిలబడి ఆమె విడిదింటికి వెళ్ళిపోయి పడుకుంది. "చూడడానికి బాగానే ఉందిగా, ఏమిటో ఈ కాలం పిల్లలు" అని ఒక పెద్దావిడ అన్నారు. నేను గాభరాపడి, కాలు బెణికిందని అబద్ధం చెప్పాను. ఆ రాత్రి ఆమె, "నా జబ్బు గురించి చెప్పాలో వద్దో నేను చూసుకుంటానండీ. మీరు దాచిపెడితే నేనేదో తప్పు చేసినట్టు ఉంటుంది" అంది. నాకు మాట రాలేదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోని ఇరవై ఒక్క వైకల్యాల్లో ఈ జబ్బు కూడా ఉంది. అయినా ధ్రువపత్రం కోసం వెళ్ళిన చోట, ఆ రోజు కాస్త బాగా నడిచినందుకు, మళ్ళీ ఇదే "బాగానే ఉన్నారుగా" వినవలసి వచ్చింది.

ఆ పెళ్ళి తరువాత నేను నేర్చుకున్న మాట ఒకటే: "పట్టుకోనా?" అంతకుముందు ఆమె లేస్తే చాలు చేయి పట్టేసేవాణ్ణి. అలా హఠాత్తుగా లాగితే ఉన్న నిలకడ కూడా పోతుందని ఫిజియోథెరపిస్టు చెప్పేదాకా తెలియలేదు. జబ్బు తిరగబెట్టడాన్ని తగ్గించేందుకు వారానికి మూడుసార్లు తీసుకునే గ్లాటిరమర్ అనే మందు ఇంజెక్షన్ కూడా అంతే. ముందుగా ఫ్రిజ్‌లోంచి తీసి చలి విరిగేదాకా బల్ల మీద ఉంచుతుంది. తొడకైనా పొట్టకైనా తానే పొడుచుకుంటుంది. ఒకేచోట పదేపదే పొడవకూడదు కాబట్టి, ఆమెకు అందని దండచేయి వెనుక భాగం వంతు వచ్చిన రోజున మాత్రం సిరంజి నా చేతికి ఇస్తుంది. మిగతా రోజుల్లో వేసిన చోటును పుస్తకంలో రాసిపెట్టడం నా పని.

తెల్లవారుజామున ఎండ రాకముందే ప్రకాశం బ్యారేజీ మీద నడుస్తాం. డెబ్బై గేట్లలో ఎన్నో గేటు దాకా వెళ్ళాలన్నది ఆమె నిర్ణయం, ఎందుకంటే వెళ్ళినంత దూరమూ తిరిగి రావాలి. ఎడమ కాలు కాస్త ఈడుస్తుంది గనుక నేను ఎడమ పక్కన అర అడుగు వెనుకగా ఉంటాను. నిన్న పదకొండో గేటు దగ్గర ఆగింది. గాలి చల్లగానే ఉంది, ఇంకొక రెండు గేట్లు నడవవచ్చునని నాకు అనిపించింది. ఆమె కంచె మీద చేయి వేసి నీళ్ళ వైపు కాసేపు చూసి, "ఇక తిరుగుదామండీ" అంది. తిరిగాం.